అమెరికా చరిత్రలో హిస్పానిక్‌ల పాత్ర: మా అబ్బాయి పోస్టర్‌తో మొదలైన ప్రశ్న

శాన్ఆంటోనియో_నాన్న | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కాస్త పెద్దదైతే ఏమనుకోకండి.

మా అబ్బాయి ఏడో తరగతి. టెక్సస్‌లో ఈ తరగతిలో రాష్ట్ర చరిత్ర చెబుతారు. "ఈ దేశాన్ని కట్టినవాళ్లు" అని ఒక పోస్టర్ చేసుకు రమ్మన్నారట. వాడు ఇంగ్లిష్ వలసవాళ్లను తెచ్చిన మేఫ్లవర్ ఓడ, వాషింగ్టన్, రైలు పట్టాలు వేసిన చైనా కూలీలు, చివర్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ఒక ఇండియన్, ఇలా వరసగా బొమ్మలు అంటించి వరండాలో ఆరబెట్టాడు. పక్కింటి పెద్దావిడ మొక్కలకు నీళ్లు పోస్తూ వచ్చి చూసి, "చాలా బాగుంది బాబూ, మరి మేమెక్కడ?" అని అడిగింది. కోపంగా కాదు, మామూలుగానే అడిగింది. వాడు నా వైపు చూశాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆవిడ హిస్పానిక్, అంటే స్పానిష్ మూలాలున్న మనిషి. ఆవిడ పూర్వీకులు 1731లో కానరీ దీవుల నుంచి స్పెయిన్ రాజు పంపితే ఈ శాన్ ఆంటోనియో ఊరు వచ్చిన కుటుంబాల్లోవాళ్లు. అప్పటికి అమెరికా అనే దేశమే పుట్టలేదు. నేను వచ్చి 14 ఏళ్లు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పోయిన నెల తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందులో మనవాళ్లలో ఒకాయన "ఈ మెక్సికన్లంతా నిన్నగాక మొన్న గోడ దూకి వచ్చినవాళ్లేగా" అన్నాడు. నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు కానీ నోరు కూడా విప్పలేదు. ఆవిడ ఆ ప్రశ్న అడిగినప్పటి నుంచి అది గుచ్చుకుంటూనే ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, ఈ పోస్టర్‌లో ఏం పెట్టాలి? వాడికి నేను ఏం చెప్పాలి?

చరిత్ర_పంతులు | శనివారం, రాత్రి 10:05

నాయనా, మంచి ప్రశ్న అడిగావు. నేను హనుమకొండలో ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి న్యూ మెక్సికోలో ఉంటుంది, రెండుసార్లు వచ్చి ఆరేసి నెలలు ఉండి వెళ్లాను. అక్కడికి వచ్చేదాకా నేను కూడా పిల్లలకు అమెరికా కథ 1607లో ఇంగ్లిష్‌వాళ్లు కట్టిన జేమ్స్‌టౌన్‌తోనే మొదలుపెట్టేవాణ్ణి. అది తప్పు.

స్పెయిన్‌వాళ్లు ఫ్లోరిడా తీరానికి వచ్చింది 1513లో. సెయింట్ ఆగస్టీన్ ఊరు కట్టింది 1565లో, అంటే జేమ్స్‌టౌన్ కంటే 42 ఏళ్లు ముందు, పైగా ఆ ఊరు ఇప్పటికీ ఊరుగానే ఉంది. న్యూ మెక్సికోలోకి 1598లో వచ్చారు. శాంటా ఫే రాజధాని అయింది 1610 ప్రాంతంలో, మీవాడు అంటించిన మేఫ్లవర్ ఓడ అప్పటికింకా బయలుదేరనే లేదు. లాస్ ఏంజెలెస్‌ను 1781లో 44 మంది మొదలుపెట్టారు, వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికా, స్థానిక తెగల రక్తం కలిసినవాళ్లు.

ఈ తేదీలన్నిటికంటే నన్ను పట్టుకున్నది వేరే ఉంది. అక్కడ అసెకియా అని ఊరి కాలువలు ఉంటాయి. ఏటి నీళ్లను మళ్లించి పొలాలకు పారించే మట్టి కాలువలు. వాటికి మయోర్‌దోమో అని ఒకాయన ఉంటాడు, ఎవరి మడికి ఎన్ని గంటలు నీళ్లు విడవాలో ఆయనే చూస్తాడు. ఎండాకాలం మొదలవకముందే ఊరంతా పారలు పట్టుకుని వచ్చి పూడిక తీస్తారు. నేను గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయాను. మా ఊరి చెరువు కింద తూము దగ్గర నీరటి చేసే పని అదే కదా! అసెకియా అనే మాట అరబ్బీ నుంచి స్పెయిన్‌కు, స్పెయిన్ నుంచి ఇక్కడికి వచ్చింది. దేశాన్ని కట్టడమంటే కోటలు, యుద్ధాలేనా? ఎడారిలో నీళ్లు పంచుకోవడం నేర్పినవాళ్లను కూడా ఆ లెక్కలో వేయాలి. మీ శాన్ ఆంటోనియోలో కూడా ఎస్పాడా మిషన్ (స్పెయిన్ పాద్రీల మఠం) దగ్గర 1740ల్లో కట్టిన రాతి కాలువ వంతెన ఉంది, ఇప్పటికీ దాని మీద నీళ్లు పారుతున్నాయి. ఆ పిల్లవాణ్ణి తీసుకెళ్లి చూపించు.

ఎడిసన్_గోదావరి | శనివారం, రాత్రి 11:40

పంతులుగారికి నమస్కారం. నా అభిప్రాయం కొంచెం వేరు, సూటిగా చెబుతాను, ఎవరూ నొచ్చుకోవద్దు.

ముందు వచ్చారు, ఒప్పుకుంటా. కానీ అది స్పెయిన్ సామ్రాజ్యం చరిత్ర. ఈ దేశపు రాజ్యాంగం, కోర్టులు, భాష, ఇవన్నీ 13 ఇంగ్లిష్ కాలనీల నుంచి వచ్చినవి. పుదుచ్చేరి, యానాం ఫ్రెంచివాళ్ల కింద ఉన్నాయి కదా అని భారత స్వాతంత్ర్య చరిత్రను ఫ్రెంచివాళ్లతో మొదలుపెడతామా?

ఇక గోడ దూకడం గురించి. ఆయన అన్న తీరు బాగాలేదు, నిజమే. కానీ నా గ్రీన్‌కార్డు ఫైలు పడి పదేళ్లు దాటింది. మా నాన్న పోతే మళ్లీ వీసా స్టాంపింగ్ అవుతుందో లేదోనన్న టెన్షన్‌తో వెళ్లలేకపోయాను. లైన్లో నిలబడి ఇంత పోగొట్టుకున్నవాడికి లైను తప్పించుకున్నవాళ్లను చూస్తే కడుపు మండుతుంది. అది ద్వేషం కాదు, బాధ.

ఫ్రిస్కో_అమ్మ | ఆదివారం, ఉదయం 7:15

గోదావరిగారూ, మీ నాన్నగారి సంగతి చదివి మనసు చివుక్కుమంది. దానికి జవాబుగా నేనేమీ రాయను. మొదటి మాటకు మాత్రం రాస్తాను, ఎందుకంటే పోయినేడు మా పాపతో కలిసి ఇదే చదివాను.

స్వాతంత్ర్య యుద్ధంలో ఫ్రాన్స్ సాయం చేసిందని అందరికీ తెలుసు. బెర్నార్దో దె గాల్వెజ్ పేరు ఎంతమందికి తెలుసు? లూసియానాకు స్పెయిన్ గవర్నరు. 1779లో బాటన్ రూజ్, 1780లో మోబిల్, 1781లో పెన్సకోలా, వరసగా మూడూ బ్రిటిష్‌వాళ్ల చేతుల్లోంచి లాగేశాడు. దక్షిణం వైపు బ్రిటన్‌కు ఊపిరాడకుండా చేసింది ఆయన సైన్యమే, అందులో స్పెయిన్‌వాళ్లతో పాటు క్యూబా, మెక్సికో, పోర్టోరికో మనుషులు, నల్లజాతి దళాలు కూడా ఉన్నాయి. ఆ సైన్యానికి తిండి ఎక్కడిది? శాన్ ఆంటోనియో చుట్టుపక్కల రాంచ్‌ల నుంచి వేలకొద్దీ పశువులను లూసియానాకు తోలుకెళ్లారు. గాల్వెస్టన్ బీచ్‌కి మనం ప్రతి వేసవీ వెళ్తాం కదా, ఆ పేరు ఆయనదే. అమెరికా ఆయనకు గౌరవ పౌరసత్వం ఇచ్చింది మాత్రం 2014లో.

యార్క్‌టౌన్ యుద్ధానికి ముందు ఫ్రెంచి సైన్యం దగ్గర డబ్బులైపోతే హవానాలో 5 లక్షల పెసోలు పోగుచేసి పంపారు. వాషింగ్టన్ గెలిచిన ఆఖరి పెద్ద యుద్ధంలో క్యూబా జనం డబ్బు ఉందన్నమాట. డాలర్ కూడా అంతే. స్పానిష్ వెండి పెసోలు 1857 దాకా ఇక్కడ చట్టబద్ధంగా చెల్లాయి. ఆ పెసోను 8 ముక్కల లెక్కన చూసేవాళ్లు, అందుకే ఇప్పటికీ పెద్దవాళ్లు పావలా డాలర్‌ను "టూ బిట్స్" అంటారు.

మా ఊళ్లోనే కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ హెడ్‌క్వార్టర్స్. ఆ కౌబాయ్ ఎవరు? గుర్రం మీద పశువులు కాసే మెక్సికో వకేరో. లాసో, రోడియో, రాంచ్, మస్టాంగ్, లారియట్ అన్నీ ఆ మనుషుల నోటి మాటలే. గుర్రం మీద కూర్చుని తాడు విసిరి ఆవును పట్టే విద్య మొత్తం వాళ్లు నేర్పింది. అమెరికా తన బొమ్మ గీసుకోమంటే ముందు గీసేది ఆ టోపీనే కదా.

హోసూరు_తెలుగు | ఆదివారం, ఉదయం 10:30

చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మాది హోసూరు. తాతలనాటి ఇల్లు, తాతలనాటి తెలుగు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మేం మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాం. బళ్లారి జిల్లాను కూడా అప్పుడే చీల్చారు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు, మిగతాది అటు మైసూరుకు. మా తాత ఒక్క అడుగు కదల్లేదు, అయినా "మీ ఊరు ఆంధ్రానా, ఎప్పుడొచ్చారు ఇక్కడికి?" అని మమ్మల్ని అడుగుతారు. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చాక మా పిల్లలకు తెలుగు బడి ఎంత కష్టమైందో మాకు తెలుసు.

అందుకే అమెరికాలో 1848లో జరిగింది చదవగానే నాకు వేరే ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. మెక్సికోతో అమెరికా యుద్ధం 1846లో మొదలై 1848 ఫిబ్రవరి 2న గ్వాదలూపె ఇదాల్గో ఒప్పందంతో ముగిసింది. కోటిన్నర డాలర్లు ఇచ్చి, టెక్సస్‌ను కూడా కలుపుకుంటే, మెక్సికో నేలలో సగానికి పైగా తీసుకున్నారు. కాలిఫోర్నియా, నెవాడా, యూటా, అరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడోలో కొంత. అక్కడ ఉన్న 80 వేల నుంచి లక్ష మంది మెక్సికన్లు రాత్రికి రాత్రి వేరే దేశంలో నిద్రలేచారు. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని వాళ్లు ఇప్పటికీ అంటారు.

ఒప్పందంలో ఆస్తులకు రక్షణ అని రాశారు. పాత భూదానాల పట్టాలను గుర్తిస్తామన్న పదో అధికరణాన్ని అమెరికా సెనేట్ కొట్టేసింది. 1851లో కాలిఫోర్నియాకు ఒక చట్టం తెచ్చి, నీ భూమి నీదేనని నువ్వే రుజువు చేసుకో అన్నారు. ఆ పాత పట్టాల్లో గెట్లు ఎలా ఉంటాయి? ఈ ఓక్ చెట్టు నుంచి ఆ గుట్ట దాకా, ఆ వాగు మలుపు దాకా. కోర్టులో, అదీ తెలియని ఇంగ్లిష్‌లో, పదిహేనేసి ఇరవయ్యేసి ఏళ్లు నడిచిన కేసులున్నాయి. గెలిచినవాళ్లు కూడా లాయరు ఫీజులకు భూమి అమ్ముకున్నారు. రెవెన్యూ ఆఫీసు చుట్టూ ఒక్కసారి తిరిగిన రైతుబిడ్డ ఎవరికైనా ఇది అర్థమవుతుంది.

కాలిఫోర్నియా మొదటి రాజ్యాంగం, 1849ది, ఇంగ్లిష్, స్పానిష్ రెండింటిలోనూ అచ్చయింది. చట్టాలు రెండు భాషల్లో ఉండాలని అందులోనే రాసుకున్నారు. 1879లో కొత్త రాజ్యాంగంలో దాన్ని తీసేశారు. గోదావరిగారూ, ఇంగ్లిష్ కాలనీల నుంచే అన్నీ వచ్చాయన్నారు. కొన్ని వచ్చాయి, కొన్నిటిని ఇలా తీసేశారు.

ఎడిసన్_గోదావరి | ఆదివారం, మధ్యాహ్నం 12:10

హోసూరుగారూ, మీ మాట తాకింది. బళ్లారి పోలిక నాకు తట్టలేదు, యానాం పోలికను వెనక్కి తీసుకుంటున్నాను.

అయితే ఒక లెక్క అడుగుతాను. 1848లో లక్ష మంది. 2020 జనాభా లెక్కల్లో హిస్పానిక్‌లు 6 కోట్ల 21 లక్షలు. ఎక్కువమంది ఆ తర్వాత వచ్చినవాళ్లు, వాళ్ల సంతానమే కదా. లక్ష మంది కథను అందరికీ ఎలా అతికిస్తాం?

పాలమూరు_బిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 2:45

అన్నా, ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో నేను చెబుతా. నేను కాలిఫోర్నియాలో బేకర్స్‌ఫీల్డ్‌లో ఉంటాను, డెలానో ఇక్కడికి అరగంట. రోజూ పొద్దున ఆఫీసుకు పోతుంటే ద్రాక్షతోటల్లో వంగి పనిచేసేవాళ్లు కనబడతారు. వాళ్లను చూస్తే మా ఊరే గుర్తొస్తుంది. పాలమూరు లేబర్ అంటే మీకందరికీ తెలుసు కదా. దేశంలో ఏ డ్యాం కట్టినా, ఏ రోడ్డు వేసినా మావాళ్లే. గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి లారీ ఎక్కించుకుని పోయేవాడు. మా తాత, నాయనమ్మ అట్లనే పోయారు. డ్యాం ప్రారంభోత్సవం శిలాఫలకం మీద వాళ్ల పేర్లుండవు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ మగవాళ్లంతా సైన్యంలోకి పోతే పంట కోసే దిక్కు లేక అమెరికా ప్రభుత్వమే మెక్సికో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. బ్రసేరో పథకం. 1942 నుంచి 1964 దాకా. 46 లక్షల దాకా కూలి ఒప్పందాలు రాశారు. అంటే గోడ దూకలేదు అన్నా, పిలిస్తే వచ్చారు, సంతకం పెట్టి వచ్చారు. సరిహద్దు దగ్గర బట్టలిప్పించి డీడీటీ పురుగుమందు పొడి కొట్టేవాళ్లు. చేతులు తిప్పి కాయలు కాసినయా లేదా అని చూసి తీసుకునేవాళ్లు. మొదటి ఏళ్లల్లో జీతంలో పదో వంతు పట్టి పొదుపు అన్నారు, అది చాలామందికి తిరిగి చేరనే లేదు. 1963లో చూవలార్ దగ్గర కూలీలను తీసుకుపోతున్న బండిని రైలు గుద్దితే 32 మంది చనిపోయారు. పొట్టి పిడి పార అని ఒకటి ఇచ్చేవాళ్లు, దానితో పని చెయ్యాలంటే రోజంతా నడుం వంచే ఉండాలి, నిలబడితే పని ఆపినట్టు మేస్త్రీకి తెలుస్తుందని. దాన్ని కాలిఫోర్నియాలో నిషేధించడానికి 1975 దాకా పట్టింది.

1965 సెప్టెంబర్ 8న డెలానోలో ద్రాక్షతోటల సమ్మె మొదలుపెట్టింది ఫిలిప్పీన్స్ కూలీలు, లారీ ఇట్లియాంగ్ ముందున్నాడు. ఎనిమిది రోజులకు సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్తాల సంఘంలోని మెక్సికన్ కూలీలు వచ్చి కలిశారు. అంతకుముందు వీళ్లు సమ్మె చేస్తే యజమానులు వాళ్లను తెచ్చేవాళ్లు, వాళ్లు చేస్తే వీళ్లను. ఈసారి ఆ ఎత్తు పారలేదు. మరుసటి ఏడు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో దాకా దాదాపు 300 మైళ్లు నడిచారు. గాంధీగారి పద్ధతి అని చెప్పుకునే చేశారు, నిరాహార దీక్షలు కూడా. దేశమంతా జనం ద్రాక్షపళ్లు కొనడం మానేశారు. 1970కి గానీ యజమానులు దిగిరాలేదు. ఐదేళ్లు!

ఇంకా ఒక్క మాట, లైను గురించి. 1965లో వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం వల్లే కదా మన ఇండియావాళ్లకు తలుపు తెరుచుకుంది. అంతకుముందు మనకు ఏడాదికి 100 మంది కోటా. అదే చట్టం లాటిన్ అమెరికాతో కలిపి పశ్చిమార్ధగోళం (అమెరికా ఖండాల దేశాలు) మొత్తానికి మొట్టమొదటిసారి గరిష్ఠ పరిమితి పెట్టింది, ఏడాదికి 1 లక్షా 20 వేలు. అంతకుముందు వాళ్లకు సంఖ్యలో పరిమితే లేదు. అటు 1964లో బ్రసేరో పథకం ఆపేశారు, ఇటు కోటా పెట్టారు. తోటల్లో పని అట్లనే ఉంది, పిలిచే మేస్త్రీ ఉన్నాడు, కాగితం మాత్రం లేదు. నిన్న సంతకం పెట్టి వచ్చిన మనిషే ఈరోజు దొంగ అయ్యాడు. మనం వచ్చిన తలుపూ, వాళ్లకు మూసుకున్న తలుపూ ఒకే చట్టంలో ఉన్నాయన్నా. కుటుంబ కోటాలో మెక్సికోవాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ఎదురుచూసే కేటగిరీలున్నాయి. వాళ్లకు కూడా లైను ఉంది.

కొత్తగా_వచ్చా | ఆదివారం, సాయంత్రం 4:00

చిన్న డౌట్ అండీ. నేను ఎంఎస్‌కి వచ్చి ఏడు నెలలు. హిస్పానిక్, లాటినో, మెక్సికన్, చికానో, అన్నీ ఒకటేనా? మా ల్యాబ్‌లో ఒకబ్బాయిని మెక్సికన్ అనుకుని ఏదో అడిగితే నేను పోర్టోరికో, పుట్టుకతోనే అమెరికన్ని అన్నాడు. నాకు సిగ్గేసింది.

ఫ్రిస్కో_అమ్మ | ఆదివారం, సాయంత్రం 4:25

సిగ్గేం అక్కర్లేదమ్మా, అడిగి తెలుసుకున్నావు కదా. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషా మూలం ఉన్నవాళ్లు, లాటినో అంటే లాటిన్ అమెరికా మూలం. బ్రెజిల్‌వాళ్లు లాటినో కానీ హిస్పానిక్ కాదు, స్పెయిన్‌వాళ్లు హిస్పానిక్ కానీ లాటినో కాదు. 1980 నుంచి జనాభా లెక్కల్లో ఆ ప్రశ్న అందరినీ అడుగుతున్నారు. చాలామంది ఆ రెండూ కాకుండా క్యూబన్, డొమినికన్, సాల్వడోరన్ అనే చెప్పుకుంటారు. మనల్ని సౌత్ ఏషియన్ అంటే తలూపుతాం కానీ ఇంట్లో ఎవరం అలా చెప్పుకుంటాం? చికానో అనేది 1960ల ఉద్యమంలో మెక్సికన్ అమెరికన్ యువత గర్వంగా పెట్టుకున్న పేరు. టెక్సస్ పాతకాపులు తెహానోలు. పోర్టోరికో అమెరికా కింద ఉన్న దీవి, అక్కడివాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులు.

ఆరెంజ్‌కౌంటీ_లాయరు | ఆదివారం, రాత్రి 8:50

రాజ్యాంగం, కోర్టుల మాట వచ్చింది కాబట్టి నా రంగంలోది చెబుతాను. మనలో ప్రతి ఒక్కరి పిల్లలూ ఇక్కడి పబ్లిక్ స్కూల్లో తెల్లపిల్లల పక్కన కూర్చుంటున్నారు. దానికి వెనక ఎవరున్నారో తెలుసుకోవాలి.

1944లో మా కౌంటీలో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక మేనత్త తన పిల్లల్ని, అన్న పిల్లల్ని కలిపి బడిలో వెయ్యడానికి తీసుకెళ్లింది. ఆమె పిల్లలు తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు ఫ్రెంచిలా ఉంది, చేర్చుకుంటామన్నారు. అన్న పిల్లల ఇంటిపేరు మెండెజ్, రంగు చామనఛాయ, వీళ్లు మెక్సికన్ బడికి వెళ్లాలన్నారు. ఆమె ఎవర్నీ చేర్పించకుండా అందర్నీ వెనక్కి తీసుకొచ్చేసింది. గొన్సాలో మెండెజ్, ఆయన భార్య ఫెలిసిటాస్, ఆమె పోర్టోరికన్, ఇంకో నాలుగు కుటుంబాలతో కలిసి 1945లో కేసు వేశారు. వాళ్లు కౌలుకు చేస్తున్న పొలం ఒక జపనీస్ కుటుంబానిది, యుద్ధం పేరుతో ఆ కుటుంబాన్ని నిర్బంధ శిబిరంలో పెట్టింది ప్రభుత్వం. ఆ పొలం రాబడే కేసుకు ఆధారం అయింది. 1946లో గెలిచారు, 1947లో అప్పీలులోనూ గెలిచారు. ఆ అప్పీలులో మద్దతుగా వాదన దాఖలు చేసినవారిలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన లాయరు థర్‌గుడ్ మార్షల్ ఉన్నారు. అప్పటి కాలిఫోర్నియా గవర్నర్ ఎర్ల్ వారెన్ బడుల్లో వేర్పాటును తీసేసే చట్టం మీద సంతకం పెట్టారు. ఏడేళ్లకు, 1954లో, అదే మార్షల్ వాదించిన, దేశమంతటా బడుల్లో వేర్పాటు చెల్లదన్న బ్రౌన్ కేసులో అదే వారెన్ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా తీర్పు చదివారు. సిల్వియా మెండెజ్, ఆ రోజు బడి నుంచి వెనక్కొచ్చిన చిన్నపిల్ల, 2011లో ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. ఈ కేసు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

బ్రౌన్ తీర్పుకు రెండు వారాల ముందు ఇంకో తీర్పు వచ్చింది, హెర్నాండెజ్ వర్సెస్ టెక్సస్. జాక్సన్ కౌంటీలో 25 ఏళ్లలో ఒక్క మెక్సికన్ అమెరికన్‌ను కూడా జ్యూరీలోకి పిలవలేదు. రాష్ట్రం వాదన ఏమిటంటే, చట్టం దృష్టిలో మీరూ తెల్లవాళ్లే కాబట్టి ఇక వివక్ష ఎక్కడిది అని. కానీ అదే కోర్టు భవనంలో మగవాళ్ల మరుగుదొడ్లు రెండు, ఒకదాని మీద ఏమీ రాయలేదు, రెండోదాని మీద "కలర్డ్ మెన్" అని, కింద స్పానిష్‌లో "మగవాళ్లు ఇక్కడ" అని ఉంది. గస్ గార్సియా, కార్లోస్ కదేనా సుప్రీంకోర్టులో వాదించి ఏకగ్రీవంగా గెలిచారు. సమాన రక్షణ అన్న హక్కు నల్ల తెల్ల రెండు రంగులకే పరిమితం కాదని ఆ తీర్పు చెప్పింది. ఆ మాట కిందకే మనమూ వస్తాం.

అలాగే 1930ల్లో, ఆర్థిక మాంద్యంలో, లక్షల మంది మెక్సికన్ మూలాలవాళ్లను రైళ్లెక్కించి పంపేశారు. వాళ్లలో చాలామంది ఇక్కడే పుట్టిన పౌరులు. 2005లో కాలిఫోర్నియా అధికారికంగా క్షమాపణ చెప్పింది.

టాంపా_నిజామాబాద్ | సోమవారం, ఉదయం 6:30

అందరూ టెక్సస్, కాలిఫోర్నియా అంటున్నారు, మా ఫ్లోరిడాది కూడా ఒక ముక్క. టాంపాలో ఈబోర్ సిటీ ఉంది, 1880ల్లో చుట్టల ఫ్యాక్టరీల కోసం కట్టిన పేట. క్యూబన్లు, స్పెయిన్‌వాళ్లు, ఇటాలియన్లు వరసగా బల్లల ముందు కూర్చుని చుట్టలు చుట్టేవాళ్లు. మధ్యలో ఎత్తు పీట మీద ఒక మనిషి కూర్చుని పొద్దున పేపరు, మధ్యాహ్నం నవలలు గట్టిగా చదివి వినిపించేవాడు. లెక్తోర్ అంటారు. అతని జీతం యజమాని ఇచ్చేది కాదు, కూలీలే తమ డబ్బుల్లోంచి ఇచ్చుకునేవాళ్లు. చదువు రాని మనుషులు కూడా పెద్ద పెద్ద నవలలు విని చర్చించేవాళ్లు. క్యూబా స్వాతంత్ర్యం కోసం హోసె మార్తి వచ్చి మాట్లాడింది, చందాలు పోగైంది ఈ కూలీల మధ్యే. 1931లో యజమానులు, వీళ్లకు లేనిపోని ఆలోచనలు వస్తున్నాయని ఆ చదివేవాళ్లను తీసేశారు, రేడియో పెట్టారు.

మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా పాఠాలు గట్టిగా చదవమనేది. తనకు చదువు రాదు. ఈబోర్ మ్యూజియంలో ఆ పీట ఫొటో ముందు నిలబడి అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. "గీళ్లు మనోళ్లే గదరా" అన్నది.

పోర్టోరికో గురించి కూడా రాయాలి. వాళ్ల 65వ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ కొరియా యుద్ధంలో ఎంత చేసిందో చదవండి. దీవిలో ఉన్నంతకాలం ఆ సైనికుడికి అధ్యక్షుడి ఎన్నికలో ఓటు లేదు, ఇప్పటికీ లేదు.

చరిత్ర_పంతులు | సోమవారం, ఉదయం 9:00

నిజామాబాదు బిడ్డా, నీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను.

ఒక సంగతి మాత్రం పక్కన పెట్టొద్దని నా మనవి. ఈ కథలో స్పెయిన్‌వాళ్లు చేసిన క్రూరత్వం కూడా ఉంది. 1599లో న్యూ మెక్సికోలో ఆకోమా అనే, స్థానిక తెగవాళ్ల కొండ మీది ఊరు ఎదురుతిరిగితే, ఓన్యాతె అనే గవర్నరు వందల మందిని చంపించి, పట్టుబడినవాళ్లలో పాతికేళ్లు దాటిన మగవాళ్లకు ఒక పాదం నరకమని శిక్ష వేశాడు. 1680లో అక్కడి స్థానిక తెగలు, అంటే ప్వెబ్లో జనమంతా తిరగబడి స్పెయిన్‌వాళ్లను పన్నెండేళ్లపాటు బయటికి తరిమారు. కాలిఫోర్నియాలో 1769 నుంచి కట్టిన 21 మిషన్లలో స్థానికులు జబ్బులతో, చాకిరీతో రాలిపోయారు. న్యూ మెక్సికోలో ఓన్యాతె కాంస్య విగ్రహం ఉంటే 1990ల చివర్లో రాత్రిపూట ఎవరో దాని కుడి పాదం కోసుకెళ్లారు. నాలుగు వందల ఏళ్లయినా ఆకోమావాళ్లు మరిచిపోలేదన్నమాట. ఈరోజు హిస్పానిక్ అనే మనిషి ఒంట్లో తరచూ ఆ నరికినవాడి రక్తమూ, నరికించుకున్నవాడి రక్తమూ రెండూ ఉంటాయి. ఏడో తరగతి పిల్లవాడికి ఇది చెప్పవచ్చు, అర్థం చేసుకుంటాడు. నేను చెప్పి చూశాను.

ఎడిసన్_గోదావరి | సోమవారం, మధ్యాహ్నం 1:15

పాలమూరు తమ్ముడూ, 1965 చట్టం గురించి నువ్వు రాసింది నిన్న రాత్రి మూడుసార్లు చదివాను. మనకు అది వరం అని మాత్రమే ఇన్నాళ్లూ అనుకున్నాను, దాని రెండో పేజీ ఎప్పుడూ తిప్పలేదు. చట్టం ఉంటే అందరికీ ఒకేలా అమలవ్వాలన్న నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. కానీ ఆ పాట్‌లక్ మాట నా ముందు ఎవరైనా అంటే ఈసారి బ్రసేరోల సంగతి చెబుతాను.

శాన్ఆంటోనియో_నాన్న | సోమవారం, రాత్రి 10:40

ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను.

నిన్న సాయంత్రం అబ్బాయిని తీసుకుని పక్కింటికి వెళ్లాం. వాడు నేరుగా ఆవిడనే అడిగాడు, "మీరు ఎక్కడ ఉండాలో మీరే చెప్పండి" అని. ఆవిడ పాత అట్టపెట్టె ఒకటి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో యూనిఫారంలో ఉన్న వాళ్ల నాన్న ఫొటో. ఆయన యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఒక హోటల్లో కూర్చోనివ్వలేదట. అది చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారలేదు, నా భార్య మాత్రం తలుపు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఆ తర్వాత ఆవిడే హువాన్ సెగీన్ గురించి చెప్పింది. మెక్సికో నుంచి టెక్సస్ స్వాతంత్ర్యం కోసం, మెక్సికో సైన్యం చుట్టుముట్టిన అలమో కోటలో ఉన్నాడు, సాయం తెమ్మని కబురు ఇచ్చి బయటికి పంపితే బతికాడు, టెక్సస్ గెలిచిన సాన్ హసీంతో యుద్ధంలో పోరాడాడు, ఈ ఊరికి మేయరయ్యాడు. 1842లో కొత్తగా వచ్చినవాళ్లే ద్రోహి అని తరిమితే మెక్సికో వెళ్లిపోయాడు. పుట్టిన గడ్డ మీదే పరాయివాణ్ణయ్యానని తర్వాత రాసుకున్నాడట. టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్లలో టెక్సస్‌లో పుట్టినవాళ్లు ఇద్దరే, నవారో, రూయిస్, ఇద్దరూ తెహానోలే అని కూడా చెప్పింది. మా వీధి పక్క వీధి పేరు నవారో. పద్నాలుగేళ్లుగా ఆ పేరు చూస్తూ వెళ్తున్నాను.

పోస్టర్ మొత్తం తీసేసి మళ్లీ చేస్తున్నాడు. మేఫ్లవర్ ఉంచాడు, దాని పైన 1565 అని రాశాడు. చైనా కూలీల పక్కన పొట్టి పార బొమ్మ గీశాడు, దానికి కొలత తెలియక నన్ను అడుగుతున్నాడు, పాలమూరు తమ్ముడూ ఎంత పొడవుంటుందో చెప్పగలవా? ఆకోమా గురించి పంతులుగారు రాసింది చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కొండ బొమ్మ గీసి కింద 1599 అని మాత్రం రాశాడు. మధ్యలో పక్కింటి తాతగారి ఫొటో జిరాక్స్.

వచ్చే శనివారం పొద్దున 9 గంటలకు ఎస్పాడా కాలువ చూడటానికి వెళ్తున్నాం, ఆవిడ కూడా వస్తోంది. ఆస్టిన్, హ్యూస్టన్ నుంచి ఎవరైనా పిల్లల్ని తీసుకుని వచ్చేట్టయితే ఇక్కడ రాయండి, పులిహోర మేం తెస్తాం.

పాలమూరు_బిడ్డ | సోమవారం, రాత్రి 11:05

మోచేతి నుంచి వేళ్ల చివరి దాకా పెట్టుకోమను అన్నా, సుమారు అంతే ఉంటుంది. పిడి పట్టుకున్న మనిషిని కూడా గీయమను, వంగి ఉన్నట్టు.